అడవి లెక్కలకూ ఒక చదువుంది

 

ఖమ్మం జిల్లాలో జామాయిల్ తోట వేసిన రైతు ఒకాయన మొన్న నన్ను ఆపి, "అయ్యా, మా అమ్మాయి బి.ఎస్సీ. ప్యాసయింది. భోపాల్ వెళ్ళి అడవుల యాజమాన్యం చదువుతానంటోంది. చెట్లు నరికించే చదువు ఆడపిల్లకెందుకండీ? అసలు అడవికి వ్యాపారమేమిటి?" అని అడిగాడు. దారిలో నిలబడి చెప్పే సంగతి కాదు గనుక ఆయనకు సగమే చెప్పాను. మిగతాది ఇవాళ మీ అందరికీ చెబుతాను.

ముందు ఆయన తోటనే తీసుకుందాం. నాలుగేళ్ళు పెంచాడు. ఇవాళ నిలువుతోటను 1,00,000 రూపాయలకు అడిగారనుకోండి. ఇంకో ఏడాది ఆగితే 1,10,000 వస్తుందని అంచనా. పదివేలు ఎక్కువ వస్తాయి గదా, ఆగుదామనిపిస్తుంది. కాని ఆయనకు నూటికి నెలకు రూపాయి వడ్డీమీద లక్ష అప్పున్నది. ఏడాదికి వడ్డీ 12,000. ఆగినందుకు రెండువేలు చేతినుంచి పోయినట్టే. అంతటితో అయిందా? ఇవాళే నరికితే మోళ్ళనుంచి పిలకలు లేచి రెండో పంట మొదలవుతుంది. ఆగితే అదీ ఒక ఏడాది వెనకబడుతుంది. ఈ రెండో నష్టం కంటికి కనపడదు, అందుకే చాలామంది లెక్కలో వేయరు. అప్పులేని రైతుకు లెక్క వేరుగా తేలుతుంది, అదీ నిజమే. నేలకయ్యే ఈ ఖరీదును కూడా కలిపి చెట్టును ఎప్పుడు కొట్టాలో తేల్చే సూత్రాన్ని జర్మనీ దేశపు అటవీ నిపుణుడు ఫౌస్ట్‌మన్ 1849లోనే చెప్పాడు. అడవి వ్యాపారం చదివేవారు నేర్చుకునే మొదటి పాఠాల్లో అదొకటి.

ఇక కొలత సంగతి. టేకు దుంగ చుట్టుకొలత 1 మీటరు, పొడవు 3 మీటర్లు అనుకోండి. దానిలో నిజంగా ఉన్న కలప సుమారు 0.239 ఘనపు మీటర్లు. చుట్టుకొలతను నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో గుణించే పాత పద్ధతిలో చూస్తే 0.1875 మాత్రమే వస్తుంది. అంటే నూటికి ఇరవై ఒకటిన్నర పాళ్ళు లెక్కలోకి రాలేదు. ఇందులో మోసమనడానికి లేదు. ఆ పద్ధతే అంత, కొనేవాడు ధర కూడా ఆ పద్ధతికి తగ్గట్టే చెబుతాడు. చిక్కెక్కడంటే, ఒక కొలతకు చెప్పిన ధరను ఇంకో కొలతకు ఒప్పుకున్నప్పుడు. జామాయిల్, సుబాబుల్ తూకంమీద పోతాయి గనుక అక్కడ తంటా ఇంకో రకం. కొట్టిన కర్ర రోజురోజుకూ ఆరి బరువు తగ్గుతుంది. లారీ వారం ఆలస్యమైతే ఆ నష్టమెవరిదో ఒప్పందంలో రాసి ఉండాలి. మన ఒప్పందాల్లో ఎన్నిట్లో ఆ ముక్క ఉంటుంది, చెప్పండి?

ఈ చదువు కోసమే కేంద్ర ప్రభుత్వం 1982లో భోపాల్‌లో భారత అటవీ యాజమాన్య సంస్థను పెట్టింది. 1988 నుంచి డిగ్రీ అయినవారికి రెండేళ్ళ కోర్సు నడుస్తున్నది. ఆ 1988లోనే వచ్చిన జాతీయ అటవీ విధానం, పరిశ్రమలు తమకు కావలసిన కలపను రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలని చెప్పింది. అంటే కలప బేరం అడవిలోంచి మీ చేలోకి వచ్చిందన్నమాట. బేరం వచ్చింది గాని, దాని లెక్క తెలిసినవాళ్ళు కొనేవారి పక్కనే కూర్చున్నారు.

అక్కడ చెట్ల పెరుగుదల, కొలతలు, అటవీ చట్టాలతోపాటు జమాఖర్చులు, పెట్టుబడి, అమ్మకం కూడా నేర్పుతారు. గదుల్లోనే కూర్చోబెట్టరు, పల్లెలకు, అడవి అంచులకు పంపి పని చేయిస్తారు. కలప ఒక్కటే అనుకోకండి. మన మన్యంలో గిరిజనులు ఏరే చింతపండు, తేనె, తపసి జిగురు, కరక్కాయ కొనడానికి విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ 1956లోనే వెలిసింది. ఆ సరుకును గ్రేడు చేయడం, నిలవపెట్టడం, ధర కట్టడం ఈ చదువు కిందికే వస్తాయి. చట్టాలూ మారుతుంటాయి. అడవి బయట పెరిగిన వెదురును అటవీ చట్టంలో చెట్టన్న మాటనుంచి 2017లో తీసేశారు. ఈ సంగతి తెలియక గట్టుమీద వెదురు పెట్టడానికి ఇంకా జంకేవాళ్ళున్నారు.

ఒక భ్రమ మాత్రం తీర్చాలి. ఈ చదువు చదివితే రేంజరో, అడవుల ఆఫీసరో అయిపోతారనుకోవద్దు. ఆ ఉద్యోగాలకు సర్వీసు కమిషన్ల పరీక్షలు వేరే ఉన్నాయి. ఇది చదివినవారు కాగితపు కంపెనీల్లో, బ్యాంకుల్లో, గ్రామాభివృద్ధి సంస్థల్లో చేరుతుంటారు. ఖర్చు కూడా చిన్నదేమీ కాదు. ఆ ఏటి ప్రకటన తెప్పించుకుని ఫీజు, బస, స్కాలర్‌షిప్పు చూసుకుని, అవసరమైతే బ్యాంకు రుణం సంగతి కనుక్కున్నాకే అడుగు వేయండి.

చేరడానికి ఫారెస్ట్రీయే చదివి ఉండాలని లేదు, ఇతర డిగ్రీలవారూ చేరవచ్చు. క్యాట్ వంటి ప్రవేశ పరీక్ష రాయాలి. క్యాట్‌కు దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో తీసుకుంటారు. పరీక్ష నవంబరు చివర. ఇంటర్ పిల్లలున్నవారికి ఇంకో దారి: 2016లో మొదలైన అటవీ కళాశాల ఇప్పుడు సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది, అందులో బి.ఎస్సీ. ఫారెస్ట్రీ ఉన్నది. ములుగు అన్నారు గదా అని ములుగు జిల్లాకు బస్సెక్కేరు, అది కాదు సుమా!

ఆ ఖమ్మం రైతుకు నేనిచ్చిన సలహా మీకూ చెబుతాను. అమ్మాయిని టేపు పట్టుకుని తోటలోకి పంపమన్నాను. వరసకు పదో చెట్టు చొప్పున, నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున చుట్టుకొలత తీసి పుస్తకంలో రాయమనండి. ఆరు నెలల తర్వాత అవే చెట్లు మళ్ళీ కొలవమనండి. కొలిచిన చెట్లకు సున్నం బొట్టు పెట్టడం మరిచిపోకండి. ఆ పుస్తకం దగ్గరుంచుకుని అప్పుడు బేరానికి కూర్చోండి.