తల తిరుగుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండితులు మాటలాడవలసిన వేదికపైకి నావంటి వైద్యుని పిలిచినందులకు కృతజ్ఞుడను. 1883లో కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును జంటగా పాటుపడిరి. ఆ మార్గమును తలచుకొని, పుస్తకము విప్పలేనివారికి గూడ పనికివచ్చు విషయమునే నేడు ఎన్నుకొంటిని.

మన సీమలో ‘కండ్లు తిరుగుచున్నవి’ అను మాట ఒక్కటే. దాని చాటున నున్న బాధలు మాత్రము అనేకము. కూర్చున్న చోటనే ఇల్లు గిర్రున తిరుగుట ఒకటి. లేచి నిలువగానే కండ్లకు చీకట్లు క్రమ్ముట మరియొకటి. తల తేటగానే యుండి కాళ్లు తడబడుట వేరొకటి. మూడింటికిని మనము పైత్యమని ఒక్క పేరే పెట్టి నిమ్మకాయ పిండుకొందుము.

నా ఇంటి సంగతియే చెప్పెదను. మా మేనత్త కోవెలకుంట్ల ప్రాంతమున ఒక పల్లెలో ఉండెడిది. రెండేండ్లపాటు ఆమె గోడకు చేరగిలి కూర్చుండియే నిద్రించెను. పండుకొన్నచో ఇల్లు తలక్రిందులగునని భయము. ఊరివారు మొదట పైత్యమని విరేచనములకు మందిచ్చిరి. పిదప గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. వైద్యుడనైన నేను చేసినదియు అంతకంటె ఘనమేమియు కాదు. రక్తపోటు చూచి, మాత్రలు వ్రాసియిచ్చి, “బలహీనత అత్తా” అని చెప్పి వచ్చితిని. ఒకనాడు ఆమెయే విసిగి, “అదేంది నాయనా, కుడిపక్కకు ఒరిగితేనే దూలాలన్నీ తిరుగుతాండాయి. ఎడమపక్క పండుకుంటే ఏమీ లేదు. బలహీనత ఒక పక్కనే ఉంటాదా?” అనెను. నేను అడుగవలసిన ప్రశ్నను ఆమె అడిగెను. నాకు సిగ్గు కలిగెను.

చెవి వినుటకు మాత్రమే ఏర్పడినది కాదు. లోపలి చెవిలో, ఎముక గూటియందు, మూడు అర్ధవృత్తాకారపు సన్నని గొట్టములు కలవు. వానిలో నీటివంటి ద్రవముండును. తల త్రిప్పినపుడు ఆ ద్రవము కదలి, తల ఏ దిక్కునకు తిరిగినదో మెదడునకు తెలుపును. ఆ గొట్టముల ప్రక్కనున్న చిన్న సంచిలో కంటికి ఆనని రవ్వలు అంటుకొనియుండును. అవి కాల్షియం కార్బొనేటు రవ్వలు. బేతంచెర్ల నాపరాయిలోను, కడప బండలోను ఉన్న సున్నపు పదార్థమును అదియే. వయసు మీరుటవలనగాని, తలకు దెబ్బ తగులుటవలనగాని, ఒక్కొక్కప్పుడు ఏ కారణమును కనబడకయే గాని, ఆ రవ్వలు ఊడి గొట్టములోనికి జారును. అప్పుడు పక్కకు ఒత్తిగిలినను, అటుకమీదికి తలయెత్తి చూచినను, రవ్వలు దొర్లి ద్రవమును కదల్చును. తల ఆగినను, ఇంకను తిరుగుచున్నదను వార్తయే మెదడునకు చేరును. సాధారణముగా నిమిషములోపల ఆ తిరుగుడు ఆగును. ప్రాణమునకు అపాయము లేదు. కాని మిద్దెమీద పండుకొనువారికి, నిచ్చెన ఎక్కువారికి, బావి గట్టున నిలుచువారికి ఆ నిమిషమే చాలును.

వియన్నాలో రాబర్ట్ బారనీ అను వైద్యుడు రోగుల చెవులు కడుగుచు, చల్లని నీరు తగిలినపుడు కండ్లు ఒక దిక్కునకును, వేడినీరు తగిలినపుడు వేరొక దిక్కునకును కొట్టుకొనుట గమనించెను. చెవికిని తల తిరుగుడునకును గల సంబంధమును అట్లు పరిశోధించినందులకు ఆయనకు 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను. ఆ వార్త అందునాటికి పాపము ఆయన రష్యాలో యుద్ధఖైదీ. 1952లో డిక్స్, హాల్‌పైక్ అను వైద్యులు రోగిని పండబెట్టి, కండ్ల కదలికనుబట్టి ఏ చెవిలో దోషమున్నదో కనుగొను పరీక్షను వివరించిరి. 1980 ప్రాంతమున అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ రవ్వలను మరల సంచిలోనికి చేర్చు ఉపాయమును కనిపెట్టెను.

ఆ ఉపాయమునకు కోత లేదు, మందు లేదు. మా అత్తను మంచముపై కాళ్లు చాచి కూర్చుండబెట్టి, తలను కుడివైపునకు సగము త్రిప్పి, భుజముల క్రింద దిండు వచ్చునట్లు వెల్లకిల పండబెట్టితిని. తల కొంచెము క్రిందికి వ్రేలినది. దూలములు తిరిగినవి, ఆమె నా చేయి గట్టిగా పట్టుకొనెను. తిరుగుడు ఆగిన పిదప మరి అరనిమిషముంచి, తలను ఎడమవైపునకు త్రిప్పితిని. మరల ఆగి, శరీరమంతయు ఎడమపక్కకు ఒత్తిగిలజేసి, ముఖము నేలవైపు చూచునట్లు చేసితిని. తుదకు మెల్లగా లేపి కూర్చుండబెట్టితిని. ఆ రాత్రి ఆమె పండుకొని నిద్రించెను. ఎనిమిది నెలలకు బాధ మరల వచ్చెను, మరల చేసితిని. మొదటిసారి దీనిని తెలిసిన వైద్యునిచేతనే చేయించుకొనవలెను; ఏ చెవియో తెలియక చేసిన ప్రయోజనము లేదు. మెడ ఎముకల బాధ గలవారు ముందుగా ఆ సంగతి చెప్పవలెను. తల తిరుగుడు మాత్రలు వాంతిని తగ్గించునేగాని రవ్వలను కదల్పలేవు. వానిలో కొన్నింటిని నెలల తరబడి మ్రింగినచో చేతులు వణకు జబ్బు సైతము రావచ్చును.

లేవగానే చీకట్లు క్రమ్ముట చెవి దోషము కాదు. అప్పుడు మెదడునకు రక్తము చాలదు. మే నెల ఎండలో బండల గనిలో పనిచేసినవారికిని, రక్తము తక్కువైన స్త్రీలకును, రక్తపోటు మాత్రలు వాడువారికిని ఇది తరచు కలుగును. పండుకొన్నవారు ముందు కూర్చుండి, కొంత తడవుండి, పిదప నిలువవలెను. ఎండదెబ్బకు ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. నన్నారి షర్బత్తు దాహము తీర్చునుగాని అందులో ఉప్పు లేదు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి త్రాగవచ్చును. తలకొట్టిన చిన్న చెంచాతో కొలువవలెను. గుండె, మూత్రపిండముల జబ్బు గలవారు ఉప్పు విషయమున వైద్యునడుగవలెను. సొమ్మసిల్లినవానిని లేపి కూర్చుండబెట్టకుడు. నీడలో పండబెట్టి కాళ్లెత్తి పట్టుడు. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు. మధుమేహమునకు మందు వాడువాడు చెమటలు పట్టి తూలుచు తెలివితో నున్నచో వెంటనే చక్కెర పెట్టవలెను.

చెవిలో హోరు, వినికిడి తగ్గుట, గంటలకొలది తిరుగుడు గలవారు చెవి వైద్యునొద్దకు పోవలెను.

ఒక్క సందర్భమున మాత్రము నిమ్మకాయయు వద్దు, నా మంచమును వద్దు. తల తిరుగుటతోపాటు మూతి వంకరపోయినను, మాట ముద్దయైనను, ఒక చేయియో కాలో పడిపోయినను, ఒకటి రెండుగా కనిపించినను, ఎన్నడులేని తలనొప్పి హఠాత్తుగా వచ్చినను, పట్టుకొన్నను నిలువలేకపోయినను, అది మెదడు రక్తనాళముల జబ్బు కావచ్చును. గడ్డకట్టిన రక్తమును కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. 108కి ఫోను చేసి, కర్నూలుగాని, కడపగాని, దగ్గరనున్న పెద్దాసుపత్రికి చేరుడు. తెల్లవారనిండని కూర్చుండకుడు. బాధ ఎన్నింటికి మొదలైనదో వైద్యునకు చెప్పుటకు గడియారము చూచి గుర్తుంచుకొనుడు.

సభ ముగిసిన పిదప గ్రంథాలయపు వరండాలో ఒక మంచము వేయింపుడని కార్యదర్శిగారిని కోరితిని. ఏ పక్కకు ఒరిగిన తిరుగునో, ఎంతసేపు తిరుగునో చెప్పగలవారు వచ్చినచో ఈ సాయంకాలమే చూచెదను.