పురుగు మారిన లెక్క

(నరసరావుపేటలో మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో పిల్లలకు చెప్పే పాఠమొకటి పెద్దల ముందు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను పత్తి పురుగును ఎంచుకున్నాను. మనలో కౌలుకు పత్తి వేసేవారున్నారు, కూలికి పత్తి తీసే తల్లులున్నారు, మందుల కొట్లో బాకీ పడి తల పట్టుకున్నవారూ వున్నారు. అందుచేత యీ పాఠం మన ఇళ్ల ఖర్చుకు సంబంధించినదే.

జీవులు తరతరానికీ మారుతూ రావడాన్ని తెలుగులో పరిణామం అంటారు. మా ఉర్దూ పుస్తకాల్లో ఇర్తిఖా అని వుంటుంది. ఇర్తిఖా అంటే పైకెక్కడం. ఆ మాట విని పిల్లలు, ప్రతి జీవీ మెట్టు మెట్టుగా గొప్పదైపోతున్నదని అనుకుంటారు. సంగతి అది కాదు. 1859లో డార్విన్ అచ్చు వేయించిన పుస్తకంలోని సారం ఇంతే: ఒక తల్లి పిల్లల్లోనే తేడాలుంటాయి. కొన్ని తేడాలు వంశంలో దిగుతాయి. బతకడానికి పనికొచ్చే తేడా ఏదైతే వుందో, అది వున్నవాటి సంతానం ఎక్కువగా మిగులుతుంది. ఇందులో ఎక్కడం లేదు, మిగలడం వుంది.

దీన్ని చూడటానికి దూరదేశం పోనక్కరలేదు. మన పత్తి చేనే చాలు. 1980 దశకంలో సింథటిక్ పైరిత్రాయిడ్లనే మందులు మన చేలల్లో విపరీతంగా వాడారు. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ ఆ జాతివే. మొదట్లో మందు కొడితే పురుగు రాలిపోయింది. తర్వాత రాలడం మానేసింది. 1987–88 పంటకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు పత్తిని తినేసింది. రైతులు మోతాదు పెంచారు, రెండు మూడు మందులు కలిపి కొట్టారు. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవారున్నారు. అప్పుడు మన పల్నాడు గుంటూరు జిల్లాలోనిదే.

పురుగు మందుకి అలవాటుపడిపోయిందని ఇప్పటికీ అంటుంటారు. ఏ పురుగూ అలవాటుపడలేదు. లెక్క కోసం ఒక చేలో 1000 పురుగులున్నాయనుకుందాం. వాటిలో 10 పుట్టుకతోనే మందును తట్టుకునేవి. మందు కొట్టాం. మామూలువి 990లో 900 చచ్చాయి, 90 మిగిలాయి. తట్టుకునేవి పదికి పదీ వున్నాయి. నూటికొకటిగా వున్నది పదింటికొకటి అయింది. అవి పెరిగి మళ్లీ 1000 అయ్యాయి. మళ్లీ అదే మందు కొట్టాం. యీసారి మిగిలినవాటిలో సగానికి పైగా తట్టుకునేవే. పురుగు ఏమీ నేర్చుకోలేదు. మన పంపు ఏరివేసింది, అంతే. శనగపచ్చ పురుగు తల్లి వెయ్యి దాకా గుడ్లు పెట్టగలదు, నెలా పదిరోజుల్లో తరం తిరిగిపోతుంది. ఇక ఎంతకాలం పడుతుంది చెప్పండి?

మరి చావకపోవడానికి కారణం కల్తీ మందా, మారిన పురుగా? కంటితో చూస్తే తేలదు. విశ్వవిద్యాలయాలూ పరిశోధనా కేంద్రాలూ పనికొచ్చేది ఇక్కడే. చేలనుంచి పురుగుల్ని ఏరి తెస్తారు. ప్రయోగశాలలో మేపుతారు. ఒకే పరిమాణం వున్నవాటిని తీసుకుని, అసలైన మందును కొలిచి, వీపు మీద చుక్క వేస్తారు. ఎంత మోతాదుకి సగం చచ్చాయో రాస్తారు. మందు తగలని జాతి పురుగుల లెక్కతో పోలుస్తారు. మోతాదు ఎన్నో రెట్లు పెరిగితే పురుగు మారినట్టే. ఆంధ్రప్రదేశ్ శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్లను తట్టుకుంటున్నదని ఇలాగే తేల్చి 1989లో శాస్త్ర పత్రికలో ప్రకటించారు. ఉర్దూలో ఇలాంటి అంకెల్ని ఆదాదో షుమార్ అంటాం. పిల్లలకు విసుగు పుట్టించే అధ్యాయం అది! కాని రైతు గోడుకు సాక్ష్యం అదే.

రెండో కథ గులాబీరంగు పురుగుది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. మొక్కలోనే విషం వుంది గనక కాయతొలిచే పురుగుల బెడద తీరిందనుకున్నాం. మొదటి రకాన్ని గులాబీ పురుగు తట్టుకుంటున్నదని గుజరాత్‌లో తేలి 2010లో బయటపెట్టారు. తర్వాత రెండోదీ పనిచేయలేదు. శనగపచ్చ పురుగు శనగ, కంది, టమాటా కూడా తింటుంది. బీటీ విషం తగలని చోట్లు దానికి బోలెడు. గులాబీ పురుగు పత్తిని వదిలి పెద్దగా ఎక్కడికీ పోదు. చుట్టూ వేయమని 450 గ్రాముల బీటీ గింజతోపాటు 120 గ్రాముల బీటీ కాని గింజ ఇచ్చారు. ఆ వరసల్లో పెరిగిన మామూలు పురుగులు తట్టుకునే పురుగులతో జతకడితే, వాటి పిల్లలు బీటీ తిని చస్తాయి. ఆ చిన్న పొట్లాన్ని చాలామంది పారేశారు. ఇటీవల ఆ గింజను బీటీ గింజలోనే కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది.

ఇప్పుడు మనం చేయదగినవి మూడు మనవి చేస్తాను.

మొదటిది, లింగాకర్షక బుట్టలు కట్టి, పడిన రెక్కల పురుగుల్ని రోజూ నోట్‌బుక్కులో రాయండి. బుట్టకు 8 చొప్పున వరసగా మూడు రోజులు పడితే చర్య తీసుకోవాలి. అంతకు తక్కువైతే కొట్టువాడి మాట మీద మందు కొనవద్దు. ఒకే జాతి మందు పదే పదే కొట్టవద్దు.

రెండోది, సంక్రాంతి దాటాక మరో తీత కోసం చేను వుంచవద్దు. అమ్మలూ, పొయ్యిలోకని పత్తి కట్టె ఇంటి వెనక పేర్చుతాం గదా, దాని ఎండుకాయల్లో గులాబీ పురుగు నిద్రపోయి కొత్త పంటకు లేస్తుంది. కాయలు లేకుండా చూడండి, వేసవిలోగా కట్టె కాల్చేయండి.

మూడోది మన పిల్లల సంగతి. 1964లో మొదలైన వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో వున్నది, గుంటూరు పక్కన లాంలోనే వుంది. పదో తరగతి తర్వాత వ్యవసాయ డిప్లొమాలున్నాయి. ఇంటర్ సైన్సు తర్వాత డిగ్రీ వుంది. చేను మన చెమట తాగుతున్నది, ఆ చేని లెక్క రాసేవాళ్లలో మన పిల్లలెందరు? ఆడపిల్లల్ని కూడా పంపండి.

మందు మీద పెట్టిన డబ్బు పురుగును చంపకపోతే ఆ అప్పు మనల్ని తింటుంది. అంకెలు రాసుకున్న ఇంటికి ఆ సంగతి ముందే తెలుస్తుంది.