ఆదివారం ఎవరిది?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇంట్లో అందరూ కేరియర్లు పట్టుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక, పొయ్యిగట్టు తుడుచుకుని మనం ఓ పది నిమిషాలు నడుం వాల్చే వేళ ఇది. ఈ పది నిమిషాల్లో మీకొక సైకిలు కథ చెబుతాను. సైకిలనగానే పాలవాడి సైకిలో, పోస్టుమాన్ సైకిలో అనుకునేరు! ఇది కొండలెక్కే సైకిలు. తొక్కేది ఇద్దరు పిల్లల తల్లి.

2023 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాను. వాళ్ళుండేది కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల పక్కనే. వెళ్ళిన మూడోరోజు సాయంత్రం వరండాలో కూర్చుని వుంటే పక్కింటావిడ సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతోంది. నేను కంగారుపడి, "అమ్మాయ్, పాపం ఆవిడెవరో పడిపోయినట్టుందే!" అని కేకేశాను. మా అమ్మాయి తొంగిచూసి, "పడే వుంటుంది లేమ్మా. ఇవాళ బుధవారం గదా, పందెం రోజు" అని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి చూద్దునుగదా, ఆవిడ గొట్టంతో సైకిలు కడిగి, గొలుసు తుడిచి నూనె వేస్తోంది. మోచేతి సంగతి ఆ తరవాతే!

ఆవిడకి నలభై నాలుగేళ్ళు. ఒక పళ్ళడాక్టరు దగ్గర లెక్కలు రాస్తుంది. భర్త బడిపంతులు. పన్నెండేళ్ళ కూతురు, తొమ్మిదేళ్ళ కొడుకు. ఈ పందేల వల్ల ఆవిడకి ఒక్క డాలరు రాదు సరిగదా, ఎదురు ఖర్చు. అలా జీతం కోసం కాక ఇష్టం కొద్దీ ఆడేవాళ్ళని అమెచ్యూర్లంటారు.

ఈ ఆట మరీ పాతదేమీ కాదు. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మారిన్ కౌంటీ అని వుంది. అక్కడ కొందరు స్నేహితులు లావు టైర్ల పాతకాలపు సైకిళ్ళు బాగుచేసుకుని, కొండమీంచి మట్టిదారిన కిందికి తొక్కేవారు. 1976 అక్టోబరులో దాన్నొక పందెంగా పెట్టుకున్నారు. కిందికి దిగేసరికి వెనక బ్రేకులో గ్రీజు కాస్తా కాలి పొగైపోయేది. మళ్ళీ గ్రీజు కూరితేగాని సైకిలు పనికొచ్చేది కాదు. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. ఆ గుంపులో ఆడవాళ్ళూ వున్నారు. వెండీ క్రాగ్ అనే ఆవిడ వాళ్ళతోపాటు తాను కూడా తొక్కుతూ, ఆ తొలిరోజుల్ని ఫొటోలు తీసి దాచింది. 1990లో కొలరాడోలోనే డురాంగో అనే ఊళ్ళో మొదటి అధికారిక ప్రపంచ పోటీలు జరిగాయి. ఆడవాళ్ళలో గెలిచిన జూలీ ఫుర్టాడో, మంచుమీద స్కీయింగు చేస్తూ మోకాళ్ళు దెబ్బతిని సైకిలెక్కిన మనిషి. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ఈ ఆటని చేర్చారు. ఆడవాళ్ళ బంగారు పతకం ఇటలీ దేశపు పావోలా పెజ్జోకి దక్కింది.

మా పక్కింటావిడ పేరు ఇలాంటి చరిత్రలో ఎక్కేది కాదు. అక్కడ అమెచ్యూర్లని అనుభవాన్ని బట్టీ వయసుని బట్టీ తరగతులుగా విడదీస్తారు. తన తరగతిలో పద్దెనిమిది మంది వుంటే ఈవిడ తొమ్మిదో, పదో వస్తుంది. అంతే.

అయినా ఆ శ్రమ చూడాలి! తెల్లవారుజామున అయిదింటికి లేచి గంటన్నర తొక్కి వస్తుంది. తరవాత పిల్లల పని, ఉద్యోగం. బుధవారం సాయంత్రం ఊళ్ళోనే చిన్న పందెం. శనివారం నాలుగైదు గంటల సాధన. ఆదివారం పెద్ద పందేలు. వాటికి రెండు మూడు గంటలు కారులో పోవాలి. ముందురోజు రాత్రే చిన్న చిన్న బంగాళాదుంపలు ఉడికించి ఉప్పు జల్లి పొట్లాలు కట్టుకుంటుంది. పందెంలో గంటకి 60 గ్రాముల పిండిపదార్థమైనా లోపలికి పోకపోతే కాళ్ళు ఆడవట. నేను బెల్లం పాకంలో వేరుశనగ ఉండలు చేసిచ్చాను. "ఇవి జేబులో కరగవు, నోట్లో కరుగుతాయి" అని ఎంతో సంతోషపడింది.

వాళ్ళింట్లో నన్నాకట్టుకున్నది సైకిలు కాదు, ఫ్రిజ్ తలుపు మీది కేలండరు. ఆవిడ పందేలు ఎర్ర రంగు, పిల్లల బడీ ఈతా నీలం, ఆయన చేపలు పట్టే రోజులు ఆకుపచ్చ. ఎర్రగడి వున్న రోజున వంటా బట్టలూ ఆయనవి. ఆకుపచ్చగడి నాడు ఈవిడవి. ఎవరూ ఎవరినీ బతిమాలుకోవడం లేదు, తరవాత దెప్పుకోవడమూ లేదు.

చెప్పొద్దూ, మొదట్లో నాకిది నచ్చలేదు. పిల్లల్ని మొగుడికి వదిలేసి ఈ కొండల వెంట తిరుగుళ్ళేమిటి అనుకున్నాను. ఓసారి వుండబట్టలేక అడిగేశాను కూడా. "ఎప్పుడూ తొమ్మిదో, పదో వస్తావు గదా, ఇంత కష్టం ఎందుకమ్మా?" అని. మా అమ్మాయి మొహమాటపడుతూ ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ నవ్వి ఏమందో తెలుసా? "కొండ ఎక్కేటప్పుడు నన్నెవరూ ఏమీ అడగరు. ఎదురుగా ఒక రాయి వుంటుంది. దాన్నెలా దాటాలా అన్నదొక్కటే ఆలోచన" అంది. ఎవరూ ఏమీ అడగని గంట! అలాంటిది నాకెప్పుడు దొరికిందా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

అయితే అంతా సవ్యంగానే జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. జూన్ నెలాఖరు నుంచి ఆరు వారాల్లో అయిదు పందేలకి డబ్బు కట్టేసింది. నిద్ర తగ్గింది. పిల్లల మీద విసుక్కోవడం మా ఇంట్లోకి వినిపించేది. మూడో పందెంలో పడి మణికట్టు బెణికింది. అదే రోజున కూతురి ఈత పోటీ. ఈవిడ వెళ్ళలేకపోయింది. ఆ సాయంత్రం కొడుకు ఫ్రిజ్ దగ్గర నిలబడి గళ్ళు లెక్కపెట్టి, "అమ్మా, ఆదివారాలన్నీ నీవేనా?" అన్నాడట.

కోపంతో కాదు, మామూలుగానే అడిగాడట. ఆ మాట చెబుతూంటే ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఆ రాత్రి నలుగురూ కేలండరు బల్లమీద పరుచుకుని కూర్చున్నారు. ఆయన, "పరవాలేదు, నేను చూసుకుంటాను" అన్నాడు. ఈవిడే ఒప్పుకోలేదు. రెండు పందేలు కొట్టేసింది. కట్టిన డబ్బు తిరిగి రాదు, పోతే పోయింది. నెలకో ఆదివారానికి ఏ రంగూ వెయ్యకూడదని కూడా అనుకున్నారు. ఆటంతా మానేస్తానని మాత్రం అనలేదు. ఆవిణ్ణి మానమని ఇంట్లో ఎవరూ అడగలేదు కూడా. మనమైతే అక్కడే పొరపాటు చేస్తాం. ఇంట్లో ఒక్కమాట వినబడగానే వీణో, కుట్టో, చదువో మూటగట్టి అటక మీద పెట్టేస్తాం. ఆ తరవాత పదేళ్ళపాటు, "మీ కోసమే గదా మానేశాను" అని దెప్పుతాం.

ఆగస్టులో రెండో శనివారం లెడ్‌విల్ అనే ఊళ్ళో పెద్ద పందెం. అది పాతకాలపు గనుల ఊరు. దగ్గర్లోని పెద్ద గని మూతపడి జనం పనుల్లేక అల్లాడుతూంటే, నలుగురూ ఊరికి వస్తారని 1983లో అక్కడ నూరు మైళ్ళ పరుగు పందెం మొదలుపెట్టారు. 1994 నుంచి సైకిలు పందెమూ జరుగుతోంది. దూరం 160 కిలోమీటర్ల పైమాటే. ఊరి ఎత్తు 10,152 అడుగులు. మన తిరుమల సుమారు 3,200 అడుగులు గదా. మూడు తిరుమలలు పేర్చినా ఇంకా మిగులుతుందన్నమాట! అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో కంటే సుమారు 30 శాతం తక్కువ. 12 గంటల లోపల తిరిగొచ్చినవాళ్ళకి బెల్టుకి పెట్టుకునే బకిలు బహుమతిగా ఇస్తారు. అందుకోసం ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. అందరికీ చోటు దొరకదు, లాటరీ వేస్తారు. ఆ ఏడు ఈవిడ పేరొచ్చింది.

నేనూ వెళ్ళాను. చీరమీద అల్లుడిగారి కోటు తొడుక్కుని, 40 మైళ్ళ దగ్గర ట్విన్ లేక్స్ అనే చోట ఆవిడ భర్త పక్కన నిలబడ్డాను. నా పని నీళ్ళ సీసా అందించడం. ఆవిడ ఆగదు, దాటిపోతూనే లాక్కుంటుంది. మొదటిసారి భయపడి ముందే వదిలేశాను. సీసా దొర్లుకుంటూ పోయింది. పిల్లవాడు పరిగెత్తి అందుకుని వాళ్ళమ్మకిచ్చాడు. అక్కణ్ణించి కొలంబైన్ గని దాకా ఎక్కాలి. అది దాదాపు 12,500 అడుగులు, అంటే ఇంకొక తిరుమల! ఎక్కి, దిగి, మళ్ళీ మా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ముఖం సున్నంలా పాలిపోయింది. ఈసారి సీసా గట్టిగా పట్టుకున్నాను. నా చేతిలోంచి తీసుకుని, "ఉండలు అయిపోయాయి" అంది. అదొక్కటే మాట.

పొద్దున్న ఆరున్నరకి బయలుదేరిన మనిషి సాయంత్రం 6 గంటల 37 నిమిషాలకి గీత దాటింది. ఏడు నిమిషాలు ఆలస్యం. బకిలు లేదు. నాకు ఏడుపొచ్చింది. పిల్లవాడు మాత్రం ఎగిరి వాళ్ళమ్మని పట్టుకుని, "ఏడే నిమిషాలమ్మా!" అన్నాడు. సోమవారం ఏడున్నరకల్లా ఆవిడ ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఆ వారం కేలండర్లో ఎర్రగడి ఒక్కటీ లేదు.

మా అమ్మాయి కాలేజీ రోజుల్లో షటిల్ బాగా ఆడేది. పిల్ల పుట్టాక బేటు ముట్టుకోలేదు. నేను తిరిగి వచ్చే ముందు వాళ్ళింటి కేలండర్లో శనివారం గళ్ళలో 'షటిల్, ఎనిమిది నుంచి పది' అని రాసి వుంది. రాసింది అల్లుడుగారే. ఆ రెండు గంటలూ పిల్లని ఆయన చూసుకుంటున్నారు. మొదటి వారం పాలు పొంగబెట్టారట. రెండోవారం పొంగలేదట.

ఇంటికొచ్చి మా గోడమీది కేలండరు చూసుకున్నాను. పాలు రాని రోజులకి సున్నాలు, గ్యాసు మార్చిన తేదీ, ఇస్త్రీ బట్టల లెక్క, ఆయన మాత్రలు అయిపోయే రోజు. అన్నీ నా చేతిరాతే. నా పని మాత్రం ఒక్కటీ లేదు! మీ ఇంట్లోనూ అంతేనేమో, ఒకసారి చూడండి. కొండలెక్కమని నేననను. పాట కానివ్వండి, కుట్టు కానివ్వండి, గుడిదాకా ఒంటరిగా నడిచి రావడం కానివ్వండి. ఇంట్లో వాళ్ళతో కూర్చుని మాట్లాడి, అందరికీ కనబడేలా ఒక గడిలో రాయండి. గళ్ళు మరీ ఎక్కువైతే పిల్లలే చెబుతారు. అప్పుడు ఒకటి రెండు కొట్టేద్దురుగాని. అన్నీ మాత్రం కొట్టెయ్యకండి.