ఉన్న కొద్ది నీళ్లు గింజకు దక్కాలి

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం తరఫున లీడరు చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇంతకు ముందే చదివారు. మేము ఆ అప్పు పెట్టి వేసే పంట గురించి నాలుగు మాటలు చెప్తాం. మన నంద్యాల, కర్నూలు వైపు నల్లరేగడిలో రబీకి పొద్దుతిరుగుడు వేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. విత్తనానికీ, ఎరువులకూ, కోత కూలీకీ సంఘం అప్పే వాడుతున్నాం. అందుకే ఈ పంట గింజ బాగుందా లేదా అనేది మన అప్పు పుస్తకంలో కూడా కనిపిస్తుంది.

చేలో చూస్తే పువ్వు పళ్లెమంత ఉంటుంది. కొట్టి సంచికెత్తి కాటా పెడితే తూగదు. కొనేవాళ్లు గింజ గోటితో నొక్కి చూసి, తాలు ఉందని తరుగు తీస్తారు. 2025-26కు పొద్దుతిరుగుడు మద్దతు ధర క్వింటాలుకు 7,721 రూపాయలు. ఆ ధరే వచ్చినా, క్వింటాలుకు 5 కిలోలు తరుగు పోతే 386 రూపాయలు పోయినట్టే. మనలో చాలామంది నెల పొదుపు కంటే అది ఎక్కువ.

గింజ ఎందుకు తేలిపోతుందో మొదట తెలుసుకుందాం. పొద్దుతిరుగుడు పువ్వు ఒక్కసారే పూయదు. అంచు నుంచి మొదలై రోజుకు కొన్ని వరుసల చొప్పున నడిమికి పూస్తూ పోతుంది. అంచు గింజ ముందు నిండుతుంది, నడిమి గింజ ఆఖరున నిండుతుంది. ఇంకొకటి, ప్రతి గింజలోనూ పైపొట్టు ముందు తయారవుతుంది. పప్పు, నూనె ఆ తర్వాత పడతాయి. సరిగ్గా అప్పుడు నీళ్లు లేకపోతే పొట్టు పెద్దదిగానే ఉంటుంది, లోపల పప్పు ముడుచుకుపోతుంది. పొట్టు పాలు పెరిగి, నూనె శాతం తగ్గుతుంది. పైకి చూస్తే గింజ నల్లగా నిగనిగలాడుతుంది, కానీ బరువు ఉండదు. చేలో మోసం తెలియక కాటా దగ్గర తెలిసేది ఇందుకే.

ఇక మన బోర్ల సంగతి. సంక్రాంతి దాకా బోరు బాగానే పోస్తుంది. శివరాత్రి వచ్చేసరికి తగ్గిపోతుంది. డిసెంబరు మొదట్లో వేసిన పైరు లెక్క చూడండి. సంక్రాంతి ముందూ వెనకా మొగ్గ తొడుగుతుంది. ఫిబ్రవరి మొదట్లో పూస్తుంది. శివరాత్రి రోజుల్లో గింజ నిండుతుంది. అంటే పైరుకు నీళ్లు బాగా కావాల్సిన రోజుల్లోనే మన బోరు ఎండుతుంది. విత్తడం ఆలస్యమయ్యే కొద్దీ ఎండ కూడా తోడవుతుంది.

కాబట్టి ఎన్ని తడులు ఇచ్చాం అని కాదు, ఏ రోజుల్లో ఇచ్చాం అని చూడాలి. ఈ పంటకు మూడు దశలు ముఖ్యం. మొగ్గ తొడిగేటప్పుడు ఒకటి, పువ్వు విచ్చేటప్పుడు ఒకటి, గింజ నిండేటప్పుడు ఒకటి. మొదటి నెలలో పైరు కొంచెం వాడినా తట్టుకుంటుంది, వేరు లోతుకు పోతుంది. ఆ నెలలో పైరు పచ్చగా కనపడాలని నీళ్లు ధారపోస్తే ఆకు పెరుగుతుంది, ఆఖరుకు నీళ్లు మిగలవు. నల్లరేగడిలో మొగ్గ దశకు ఇంకా పదును ఉంటే ఆ తడి ఆపుకోండి. పూతకూ, గింజకూ పెట్టుకోండి.

నీళ్లు కట్టేటప్పుడు కూడా కొన్ని పద్ధతులు ఉన్నాయి. బోదెలు తీసి, ఒకసారి సాలు విడిచి సాలుకు, తర్వాతి తడికి మిగిలిన సాళ్లకు కడితే తక్కువ నీళ్లతో మడి పారుతుంది. కలుపు నెలలోపే తీసి గుంటక తోలితే నేల పగుళ్లు పూడి పదును నిలుస్తుంది. గింజ నిండేటప్పుడు గాలి ఉన్న రోజు నీళ్లు కట్టకండి, బరువు తలలతో పైరు పడిపోతుంది. తల వెనక భాగం పసుపు తిరిగాక నీళ్లు అక్కర్లేదు.

తాలు అంతా నీళ్ల లోపమే అనుకోకూడదు. గింజ చీల్చి చూస్తే చాలావరకు తెలుస్తుంది. లోపల పప్పే లేకపోతే పరపరాగం సరిగ్గా జరగలేదని అర్థం. సన్నగా ముడుచుకున్న పప్పు ఉంటే నిండేటప్పుడు ఆకలికి గురైందని అర్థం. మొదటిదానికి పూత సమయంలో పురుగుమందు కొట్టకుండా తేనెటీగలను కాపాడాలి. పొద్దున 8 నుంచి 11 గంటల మధ్య మెత్తని గుడ్డతో పువ్వుల మీద మెల్లగా రుద్దాలి, రోజు విడిచి రోజు, రెండు వారాలు. పసుపు రేకులు విచ్చేటప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేయాలి. నేల ఎండితే వేరుకు బోరాన్ అందదు కనుక, నీళ్లు తక్కువ ఉన్న చేనుకు ఇది మరీ అవసరం.

ఇప్పుడు అసలు మాట. రెండెకరాలు ఉంది కదా అని రెండెకరాలూ పొద్దుతిరుగుడే వేస్తే, శివరాత్రికి ఉన్న నీళ్లు రెండు చోట్లా చాలవు. రెండెకరాల్లోనూ తాలు వస్తుంది, రెండెకరాలకూ విత్తనం, ఎరువు, కూలి ఖర్చవుతుంది. శివరాత్రికి మన బోరు ఎన్ని సెంట్లు తడుపుతుందో పోయినేడు చూసే ఉంటాం. అంతే వేసుకుందాం. మిగతా నేలలో శనగ, ధనియాలు లాంటివి. ఇది విత్తనం కొన్నాక కాదు, అక్టోబరులోనే అనుకోవాలి.

ఈ మాట ఇంట్లో చెప్తే, ఆడవాళ్లకు నీళ్ల సంగతి ఏం తెలుసు అంటారు. అప్పు పత్రం మీద సంతకం మనది. కలుపు తీసేది మనం, తలలు కోసి కొట్టేది మనం. తాలు ఎంత పడిందో చేట పట్టిన మనకంటే ఎవరికి బాగా తెలుసు? కాబట్టి ఎంత వేయాలి, ఎప్పుడు నీళ్లు కట్టాలి అనే మాటలో మనమూ కూర్చోవాలి.

సమాఖ్య ముందు మా సంఘం రెండు కోరికలు పెడుతోంది. పంట అప్పు దరఖాస్తు మీద బోరు శివరాత్రికి ఎంత పారుతుందో ఒక వరుస రాసుకునేలా చేయండి. అప్పు ఆపడానికి కాదు, ఎకరాలు నీళ్లకు సరిపోయాయా అని సంఘంలో మాట్లాడుకోవడానికి. రెండోది, అమ్మే ముందు గ్రామ సంఘంలోనే గింజ చూద్దాం. ఒక్కో సంచిలో నుంచి పిడికెడు తీసి కలిపి, అందులో 100 గింజలు లెక్కపెట్టి చీల్చండి. ఎన్ని తాలు అయితే అంత శాతం. గింజ బాగా ఆరబెట్టి, తేమ 9 శాతం దాటకుండా చూసుకోండి. ఆ లెక్క చేతిలో ఉంటే, తరుగు ఎంతో ఎదుటివాళ్లు చెప్పినంత కాదు, మనమూ చెప్పగలం.

వానను మనం ఆపలేం, తెప్పించలేం. ఉన్న నాలుగు తడులు ఏ రోజు పారాలో మాత్రం మన చేతిలో ఉంది. ఈ రబీకి ప్రతి గ్రామ సంఘం విత్తే ముందు ఒక సమావేశం ఈ లెక్క కోసమే పెట్టుకోవాలని కోరుతున్నాం.