వైద్యులకు తోడైన లెక్కలవాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



అరణ్యపర్వములోని నలోపాఖ్యానము మీలో చాలమంది ఎరిగినదే. ఋతుపర్ణ మహారాజు రథముమీద పోవుచు, దారిలోని తాండ్రచెట్టును చూచి దాని ఆకులు, కాయలు ఇన్ని యని చెప్పెను. బాహుకుడు నమ్మలేదు. రథము నిలిపి, చెట్టును కూల్చి, లెక్క సరిపోయిన పిదపనే ఆ విద్యను కోరెను. లెక్కలు వ్రాసి బ్రతుకువాడను గనుక నాకు రాజుగారి విద్యకంటె బాహుకుని అపనమ్మకమే ఎక్కువ ఇష్టము. అట్టి అపనమ్మకము వైద్యమునకు చేసిన మేలును గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

పూర్వము మందు మంచిచెడ్డలు వైద్యుని అనుభవమునకే వదలియుండిరి. తేలికగా ఉన్న రోగికి క్రొత్త మందిచ్చి, అతడు కోలుకొనగా మందు గొప్పదనుట కలదు. ఇంగ్లండులో ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను గణాంకశాస్త్రజ్ఞుడు దీనికి అడ్డుకట్ట వేసెను. ఆయన వైద్యుడు కాడు. యౌవనమున క్షయతో మంచము పట్టినవాడు. స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో ఎవరికి మందు, ఎవరికి కేవలము విశ్రాంతి యనునది చీటీలు వేసినట్లు అంకెల పట్టికతో నిర్ణయించి, మూసిన కవరులలో ఉంచెను. ఆరు నెలలలో మందు పొందిన 55 మందిలో నలుగురు, పొందని 52 మందిలో 14 మంది చనిపోయిరి. ఇది 1948లో ప్రకటితమైనది.

మనకు దగ్గరి కథ మద్రాసుది. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి అచట క్షయ చికిత్సా కేంద్రమును నెలకొల్పినవి. బీదవానికి ఇంటనే మందిచ్చిన చాలునా, శానిటోరియమునకు పంపవలెనా? ఇదే ప్రశ్న. 193 మంది రోగులను చీటీపద్ధతినే రెండు పక్షములు చేసిరి. శానిటోరియములో మంచి తిండి, విశ్రాంతి. ఇంట ఇరుకు గది, అరకొర కూడు. ఏడాది మందు తరువాత శానిటోరియమువారిలో నూటికి 92 మందికి, ఇంటివారిలో 86 మందికి వ్యాధి అణగెను. ఆ తేడా చోటువలన వచ్చినదా, కాకతాళీయమా? లెక్కలవాని అవసరము ఇచ్చటనే. ఇంత కొద్దిమందిలో అంతపాటి తేడా ఊరకే రావచ్చును. ఐదేండ్లు వెంబడించి చూడగా ఉభయులును దాదాపు సమానులే.

రోగి మందు మింగితినన్న మాటనుకూడ వారు ఊరక నమ్మలేదు. చెప్పకుండ ఇంటికి పోయి మిగిలిన మాత్రలు లెక్కించిరి; మూత్రము పరీక్షించిరి. పొలము ముఖము చూడక ఇంట కూర్చుండి పహాణీ వ్రాయువారు దీనిని గమనింతురుగాక!

1966లో వెలువడిన ఐదేండ్ల ఫలితముల పత్రములలో వైద్యుల పేర్ల నడుమ గణాంకశాస్త్రజ్ఞుడగు ఎస్. రాధాకృష్ణగారి పేరు కలదు. ఈయనను కల్యంపూడి రాధాకృష్ణరావుగారని పొరబడకుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలో పేరు గడించి, 2023లో 102 ఏండ్ల వయసున పరమపదించిన ఆ మహనీయుడు వేరు.

ఆ పత్రములలో ఒకటి నన్ను మిక్కిలి కలచినది. రోగి ఇంటనే ఉండి మందు తినినచో ఇంటివారికి ముప్పు హెచ్చునా యని ఐదేండ్లు లెక్కపెట్టిరి. హెచ్చలేదు. సోకుట చాలవరకు మందు మొదలిడకమునుపే జరిగిపోవును. మందు తినుచున్నవానిని వెలివేసి సాధించునది లేదు.

మా చిన్నాయనకు 1981లో ఈ జబ్బు వచ్చినది. మందు తెచ్చిరి. అయినను పొలములోని పశువుల కొట్టములో ఉంచిరి. మా నాయనమ్మ సత్తుగిన్నెలో అన్నము పెట్టి కట్టెతో ముందుకు నెట్టెడిది, నెట్టి ఏడ్చెడిది. నాలుగు నెలలకు ఆయన మందు మానెను. ఎవరికొరకు తినవలెనని అడిగెనట. ఆ ఏడే పోయెను.

నేడు కఫ పరీక్షయు, సాధారణముగా ఆరు నెలలు వాడవలసిన మందులును ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. రెండు వారములు మించి దగ్గు ఉన్నవారు దాచుకొనక పోవుదురుగాక. చిన్నాయన పోవునాటికి ఆ మద్రాసు పత్రము అచ్చయి పదునైదేండ్లు. ఆ మాట మా యింటికి చేరలేదు. అప్పుడు మన ఊరిలో గ్రంథాలయమును లేదు.