గాలి కయాక్ కొనేముందు తిరుగు ప్రయాణం లెక్క చూసుకోండి

స్వోర్డ్స్ నుంచి మాట్లాడుతున్నాను. దుబాయ్, దోహా, కువైట్ క్యాంపుల్లో వింటున్న అన్నదమ్ములకి, ఇక్కడ ఐర్లండ్‌లో సైట్లలో, వేర్‌హౌసుల్లో, నర్సింగ్ హోముల్లో పనిచేస్తూ వింటున్న అందరికీ చెప్తున్నాను. బ్లాగులో చదువుతున్నవాళ్లకి ఒక మాట. ఇది మాట్లాడింది మాట్లాడినట్టే ఎక్కించాం, తడబడినచోట మాత్రం సర్దాం.

మే నెల వచ్చిందంటే మా సైట్‌లో కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, గాలి నింపే కయాక్ ఏది కొనాలి?" రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది, ఆదివారం సెలవు, చుట్టూ నీళ్లు. ముగ్గురు కలిసి ఉండే రూములో గట్టి కయాక్ పెట్టుకునే చోటు లేదు, దాన్ని మోసే కారూ లేదు. మడిచి బ్యాగులో పెట్టి మంచం కిందకి తోసేది అయితే సరిపోతుంది కదా అంటారు. ఆలోచన మంచిదే. కానీ వాళ్లు ఫోన్‌లో చూపించే బొమ్మలన్నీ ధర తక్కువ నుంచి ఎక్కువకి పేర్చినవి. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ నీళ్ల మీద తిరుగుతావు తమ్ముడూ, వెనక్కి ఎలా వస్తావు?

వెళ్లడానికి ఏ పడవైనా సరిపోతుంది. గాలి వెనకనుంచి తోస్తుంటే బాత్‌టబ్ కూడా వెళుతుంది. వెనక్కి తిరిగి అదే గాలికి ఎదురు తెడ్డు వేసేటప్పుడు తెలుస్తుంది మనం కొన్నది పడవా, బొమ్మా అని. గాలి కయాక్ బరువు పదిహేను కిలోల చుట్టూ ఉంటుంది. నీళ్లలో లోతుగా కూర్చోదు, ఎండిన తాటాకులాగా పైపైన తేలుతుంది. పక్కన లావుపాటి ట్యూబులు తెరచాప పని చేస్తాయి. అదే గాలిలో గట్టి ప్లాస్టిక్ కయాక్ కాస్త పక్కకి జరిగితే ఇది బాగా దూరం జరిగిపోతుంది.

2020 ఆగస్టులో గాల్వే దగ్గర జరిగింది ఇక్కడున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఫర్బో బీచ్‌లో ఇద్దరు అక్కాచెల్లెళ్ల వరస అమ్మాయిలు గాలి నింపే ప్యాడిల్‌బోర్డుల మీద సాయంత్రం నీళ్లలోకి దిగారు. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు కొట్టింది. రాత్రంతా కొట్టుకుపోయి అరాన్ దీవుల దాకా వెళ్లారు. దాదాపు 15 గంటల తరవాత, పీతల బుట్టలకి కట్టిన బోయాని పట్టుకుని ఉండగా, తండ్రీకొడుకులైన ఇద్దరు జాలర్లు చూసి ఎక్కించుకున్నారు. ఒంటి మీద లైఫ్ జాకెట్లు ఉన్నాయి, బతికారు. ఒడ్డు దగ్గర నీళ్లు నున్నగా, అద్దంలా ఉంటే మనం మంచి రోజు అనుకుంటాం. ఒక్కోసారి అలా నున్నగా ఉండేది గాలి మన వీపు వెనకనుంచి, నేల మీదనుంచి వస్తోంది కాబట్టే.

ఇప్పుడు మన ఊరి నీళ్లు. స్వోర్డ్స్‌కి తూర్పున బ్రాడ్‌మెడో, హంసలు ఉండే ఆ ఎస్చ్యువరీ, అందరికీ తెలిసిందే. దానికీ సముద్రానికీ మధ్య డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్లే రైలు కట్ట ఉంది. 1844లో వేసిన లైను అది. ఆ కట్ట వల్లే లోపలివైపు నీళ్లు చెరువులా నిలిచి ఉంటాయి. ఆటు వచ్చినా పూర్తిగా ఇంకిపోవు. గాలి కయాక్‌కి ఇది చక్కటి చోటు. కాకపోతే లోపలి నీళ్లన్నీ సముద్రంలోకి వెళ్లాల్సిన దారి ఒకటే, మలాహైడ్ వయడక్ట్ కింద. 2009 ఆగస్టు 21న ఆ వయడక్ట్‌లో ఒక స్తంభం కూలింది. అప్పుడే ఒక రైలు దాటింది, అదృష్టం కొద్దీ ఎవరూ పోలేదు. కారణం ప్రవాహం స్తంభం కింద పునాదిని కోసేయడం. మనం కాంక్రీటు పోసే మనుషులం కాబట్టి ఆలోచించండి, పునాది కింద రాళ్లని లాగేసే నీళ్లకి పదిహేను కిలోల గాలి సంచి ఒక లెక్కా?

ఇక ఐర్లండ్‌లో ఎక్కువ రోజులు గాలి పడమర, నైరుతి నుంచి వస్తుంది. అంటే స్వోర్డ్స్ వైపు దిగినవాణ్ని గాలి తూర్పుకి, సరిగ్గా ఆ వయడక్ట్ వైపే తోస్తుంది. ఆటు సమయమైతే నీళ్లు కూడా అటే లాగుతాయి. అందుకే నేను చెప్పేది, ఇక్కడ మొదట గాలికి ఎదురు వెళ్లండి, ఒళ్లు అలిసినప్పుడు గాలి మిమ్మల్ని దిగిన చోటికి తీసుకొస్తుంది. వయడక్ట్ దరిదాపులకి అసలు వద్దు. మెట్ ఏరన్‌లో గాలి ఫోర్స్ 3 అంటే గంటకి 12 నుంచి 19 కిలోమీటర్లు. అది దాటిన రోజు నేను ఎస్చ్యువరీలో దిగను, కాలవకి పోతాను.

కాలవ అంటే రాయల్ కెనాల్. డబ్లిన్ నుంచి షానన్ నది దాకా 146 కిలోమీటర్లు, 46 లాకులు. చాలా ఏళ్లు మూతపడి 2010లో మళ్లీ మొత్తం తెరిచారు. మేనూత్ స్టేషన్‌లో రైలు దిగితే ఎదురుగానే కాలవ. కారు లేనివాడికి ఇంతకన్నా ఏం కావాలి? బ్యాగు దించి గాలి కొట్టుకోవడమే. లాకు వచ్చినప్పుడల్లా పడవని పైకి లాగి మోసుకుంటూ దాటాలి. ధవళేశ్వరం లాకులు చూసి పెరిగిన నాకు ఆ తలుపులు చూస్తే సొంత ఊరు గుర్తొస్తుంది, అది వేరే సంగతి.

సరే, పడవల దగ్గరికి వద్దాం. మూడు రకాలుగా చూడండి.

చవక రకం అంటే పల్చటి పీవీసీ ట్యూబులు. ఇంటెక్స్ ఎక్స్‌ప్లోరర్ కె2 లాంటివి. పొడవు 3.12 మీటర్లు, వెడల్పు 91 సెంటీమీటర్లు. ఒరగదు, భయం ఉండదు. కానీ పొట్టిగా వెడల్పుగా ఉన్నది ముందుకి సాగదు, ముక్కు అటూ ఇటూ తిరుగుతుంది. అడుగున గాలి కూడా తక్కువ ప్రెషర్‌తో ఉంటుంది కాబట్టి మనిషి కూర్చున్నచోట దిగి, రెండు కొసలూ లేస్తాయి, అరటికాయలాగా. కాలవలో, చిన్న చెరువులో, ఒక గంట సరదాకి దీన్ని నేను తప్పు పట్టను. బ్రాడ్‌మెడో నడిమధ్యకి మాత్రం వద్దు, సముద్రం మాటే ఎత్తొద్దు.

రెండో రకం మందపాటి బట్టకి రబ్బరు పూత వేసినవి. చెక్ దేశం వాళ్ల గుమోటెక్స్ సీవేవ్ మంచి ఉదాహరణ. 4.5 మీటర్ల పొడవు, 78 సెంటీమీటర్ల వెడల్పు, 17 కిలోలు. పైన కప్పు కట్టుకోవచ్చు, సామాను పెట్టుకుని ఒక రాత్రి క్యాంపుకి వెళ్లొచ్చు. ప్రెషర్ పావు బార్, అంటే మూడున్నర పిఎస్ఐ. బయట బట్ట తొడుగు లేదు కాబట్టి తుడిస్తే ఆరిపోతుంది. ధర మాత్రం మనలాంటివాళ్లకి గట్టిగానే తగులుతుంది.

మూడోది డ్రాప్‌స్టిచ్. దీన్ని మన సెంట్రింగ్ పని తెలిసినవాళ్లకి ఒక్క మాటలో చెప్తాను. గోడకి రెండు వైపులా షీట్లు పెట్టి మధ్యలో టై రాడ్లు ఎందుకు వేస్తాం? కాంక్రీటు ఒత్తిడికి షీటు పొట్టలా ఉబ్బకుండా. ఇందులో పై గుడ్డకీ కింది గుడ్డకీ మధ్య వేల దారాలు అదే పని చేస్తాయి. అందుకే 8 నుంచి 10 పిఎస్ఐ దాకా కొట్టినా ఉబ్బదు, పలకలా బిగుసుకుంటుంది. కొన్నింటికి అడుగు మాత్రమే డ్రాప్‌స్టిచ్, పక్కలు మామూలు ట్యూబులు. కొన్నింటికి మొత్తం అదే. బాలీమున్‌లో డెకాథ్లాన్‌కి వెళితే ఇటివిట్ ఎక్స్500 లాంటిది ఉందేమో అడిగి చూడండి. 3.8 మీటర్లు, 64 సెంటీమీటర్ల వెడల్పు. నిజమైన టూరింగ్ కయాక్‌కి దగ్గరగా ఉంటుంది. సన్నం కాబట్టి నేర్చుకునే రోజుల్లో అటూ ఇటూ ఊగుతుంది, ఒడ్డు దగ్గర మోకాలి లోతులో అలవాటు చేసుకోవాలి.

నన్నడిగితే దూరం వెళ్లే ఉద్దేశం ఉన్నవాడు కనీసం అడుగు డ్రాప్‌స్టిచ్ అయినా ఉండాలని చూసుకోవాలి, లేదా రెండో రకానికి పోవాలి. పొడవు ఒక్కడికైతే 3.8 మీటర్ల చుట్టూ, ఇద్దరికైతే 4.5 మీటర్ల చుట్టూ. వెనక అడుగున ఫిన్ తప్పనిసరి, అది లేనిది టూరింగ్‌కి పనికిరాదు. గాలి అరలు కనీసం మూడు, ఒకటి పోయినా మిగతావి తేల్చాలి. బరువు సంగతి ఎవరూ పట్టించుకోరు. పెట్టె మీద 17 కిలోలు అని రాస్తారు. దానికి పంపు, తెడ్డు, జాకెట్, తడి బట్టలు కలిపితే ఇరవై మూడు దాటుతుంది. బస్సు ఎక్కి, దిగి, నడిచి మోయాలి. కొట్లోనే బ్యాగు భుజానికి తగిలించుకుని మెట్లు ఎక్కి చూడండి, సిగ్గుపడొద్దు.

ఎంత బరువు మోస్తుందని రాసినదాన్ని క్రేన్ మీద ఎస్‌డబ్ల్యూఎల్ చూసినట్టు చూడొద్దు. క్రేన్‌కి ఆ లెక్కలో భద్రత ముందే వదిలి రాస్తారు. కయాక్‌కి రాసినంత బరువు పెడితే మునగకపోవచ్చు గానీ నీళ్లలో ఈడ్చుకుంటూ పోతుంది. నేనైతే మూడింట రెండు వంతులే లెక్కేస్తాను.

పాతది కొనేవాళ్లు, డన్‌డీల్‌లో చాలా వస్తాయి, అమ్మేవాడి ఇంట్లోనే గాలి కొట్టించండి. గంటసేపు టీ తాగుతూ కూర్చోండి. సబ్బు నీళ్లు అతుకుల మీద, వాల్వుల మీద రుద్దితే బుడగలే చెప్తాయి. అతుకు దగ్గర గమ్ పసుపు రంగుకి తిరిగి పొరలుగా లేస్తుంటే బేరం ఆడకుండా వచ్చేయండి. టైరు పంక్చర్ లాంటి చిల్లు మనం వేసుకోగలం, అతుకు మొత్తం విడిపోతే ఆ పడవ పని అయిపోయినట్టే.

గాలి కొట్టేటప్పుడు చేతి అంచనా వద్దు, గేజి ఉన్న పంపు కొనండి. ఎండలో బిగుతుగా కొట్టింది చల్లటి నీళ్లలో పెట్టగానే మెత్తబడుతుంది, పది నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. అదే పడవని భోజనానికి ఒడ్డుకి లాగి ఎండలో వదిలేస్తే లోపల గాలి వ్యాకోచించి అతుకు పగులుతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఈ ముక్క ఇంకా ముఖ్యం, ఒడ్డుకి రాగానే కాస్త గాలి వదిలేయండి.

జాకెట్ గురించి ఎవరితోనూ వాదించను. ఐర్లండ్‌లో 7 మీటర్ల లోపు పడవలో అది వేసుకోవడం చట్టం. బ్యాగులో ఉంది అంటే కుదరదు, ఒంటి మీద ఉండాలి. "అన్నా, మేం గోదారి వాళ్లం, మాకు ఈతొచ్చు" అంటాడు ఒకడు. నేనూ గోదారి వాణ్నే. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగి యాభై మంది దాకా పోయిన నది అది. ఇక్కడ నీళ్లు మార్చిలో ఎనిమిది తొమ్మిది డిగ్రీలు, ఆగస్టులో కూడా పదిహేను పదహారు. అందులో పడగానే ఊపిరి మన చేతిలో ఉండదు, నోరు తెరిచి నీళ్లు మింగుతాం. ఈత గుర్తొచ్చేలోపు జరిగేది అది. ఆ ఒకటి రెండు నిమిషాలు వెల్లకిలా తేలి ఉంటే ఊపిరి కుదురుకుంటుంది, తేల్చేది జాకెట్టే. జీన్స్ వేసుకుని దిగొద్దు, వెట్‌సూట్ అయితే మేలు. కాబట్టి మూడువందల యూరోలు పెట్టుకున్నవాడు మొత్తం పడవకే పెట్టకుండా, ముందు జాకెట్‌కి, వెట్‌సూట్‌కి తీసి, మిగిలినదానితో పడవ చూసుకోవాలి. ఆ మిగిలినదానికి చవక రకమే వస్తే, ఈ ఏడాది కాలవతో సరిపెట్టుకుని వచ్చే ఏడాది పెద్ద నీళ్లకి వెళ్లొచ్చు. ఇంటికి పంపే డబ్బు ఆపి కొనాల్సిన వస్తువు మాత్రం కాదిది.

ఫోన్ నీళ్లు దూరని సంచిలో పెట్టి మెడలోనో జాకెట్‌కో కట్టుకోండి, పడవలో కాదు. పడవ గాలికి పోతే ఫోనూ దానితోనే పోతుంది. 112 కొట్టి కోస్ట్ గార్డ్ అని అడగాలి. ఇంట్లో ఉన్నవాడికి ఎక్కడ దిగుతున్నారో, ఎన్నింటికి వస్తారో చెప్పి వెళ్లండి. రూములో అందరూ నైట్ షిఫ్ట్ అయితే ఫ్రిజ్ మీద కాగితం అంటించండి.

ఒక తమ్ముడు డ్రాగెడా నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు, భార్య వచ్చే నెల వస్తోంది, ఇద్దరికీ కలిపి ఒకటి కొనాలా, రెండు కొనాలా అని. ఒకటే కొను నాయనా, వెనక సీటు తీసి ఒక్కడివే కూడా వెళ్లగలిగేది చూడు. మొదటి నాలుగు వారాలు కాలవలోనే తిప్పు. తెడ్డు ఆవిడకీ ఒకటివ్వు, కూర్చోబెట్టి ఫొటోలు తీస్తూ ఉండకు, గాలి ఎదురైనప్పుడు రెండు తెడ్లూ కావాలి. మిగతా ప్రశ్నలు వచ్చే ఆదివారం చూద్దాం. ఉంటానండి.