మృతుల పేరిట చెప్పే మాటకు సనద్ ఏది?

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

ఇటీవల మేము ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళాము. కొడుకును పోగొట్టుకున్న తల్లిని బంధువులు ఒక బాబా వద్దకు తీసుకువెళ్ళారు. మరణించిన బిడ్డ తనతో మాట్లాడుతున్నాడని అతడు నమ్మబలికాడు. ఛాతీలో నొప్పి వచ్చిందన్నాడు. బిడ్డ వస్తువొకటి ఇంట్లో దాచుకున్నారన్నాడు. దగ్గరివారే చేతబడి చేయించారన్నాడు. నాటినుండి, వితంతువైన కోడలితో ఆ ఇంట ఎవరూ మాట్లాడటం లేదు.

“మౌలానా సాబ్, ఆయనకు ఇవన్నీ ఎలా తెలిశాయి?” అని ఆ తల్లి అడిగింది. మేము మూడు ప్రశ్నలు వేశాము. “అమ్మా, అతడు చెప్పినది మీ ఇంటికే చెల్లుతుందా, ఏ ఇంటికైనా చెల్లుతుందా? ముందే తెలుసుకునే దారి అతనికి ఉన్నదా? తప్పిన మాటలెన్ని?”

ఆమె నెమ్మదిగా జ్ఞాపకం చేసుకున్నది. బిడ్డ పేరు రెండుసార్లు తప్పు చెప్పాడు. మొదట తలనొప్పి, తర్వాత కడుపునొప్పి అని, ఆమె ముఖం చూసి ఛాతీ అన్నాడు. వెంట వెళ్ళిన బంధువు అంతకుముందే బయట బాబా మనిషితో చాలాసేపు మాట్లాడాడు. ఇక పోయిన బిడ్డ వస్తువు దాచుకోని తల్లి ఎక్కడుంది?

1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు, ఎవరి స్వభావ వర్ణన వారికని చెప్పి తలా ఒక కాగితం ఇచ్చాడు. వారు దానికి 5కు సగటున 4.26 మార్కులు వేశారు. తీరా చూస్తే అందరి కాగితాలలోనూ ఒకే రాత! మనసు తనకు తగిలిన మాటను పట్టుకుంటుంది, తగలనిదాన్ని జారవిడుస్తుంది.

కాహిన్‌లు చెప్పేది ఒక్కోసారి నిజమవుతున్నదే అని ప్రజలు అడిగినప్పుడు, ఆ ఒక్క నిజానికి వారు నూరు అబద్ధాలు కలుపుతారని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. కనుక ఒక మాట నిజమైనంత మాత్రాన చెప్పినవాడు సత్యవంతుడు కాడు.

సోదరులారా! దైవప్రవక్త (సఅసం) పేరిట వచ్చిన మాటనైనా మన హదీసువేత్తలు సనద్ చూడనిదే స్వీకరించలేదు. ఉల్లేఖకుడు నిజాయితీపరుడా, జ్ఞాపకశక్తి గలవాడా, ఎవరినుండి విన్నానంటున్నాడో వారిని నిజంగా కలిశాడా అని పరీక్షించారు. మరి బర్జఖ్‌కూ ఈ బాబాకూ మధ్య సనద్ ఏది?

దుర్మార్గుడు తెచ్చిన వార్తను విచారించండి, తెలియక ఎవరికైనా హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని అల్లాహ్ సూరా హుజురాత్‌లో హెచ్చరించాడు. భర్తను కోల్పోయిన ఆడబిడ్డపై సాక్ష్యం లేని నింద మోపడం ఆ హాని కాదా?

మరణించినవారికి మన దుఆ కావాలి. వారి పేరిట సదఖా కావాలి. వారి అప్పులు తీరాలి. వీటికి బాబా అవసరం లేదు. బ్రతికి ఉన్న ఆ అమ్మాయికి మాత్రం ఆ ఇల్లు క్షమాపణ బాకీ ఉన్నది. మన ఇళ్ళలోనూ అటువంటి బాకీ ఉంటే ఈ రోజే తీర్చుకుందాం.

అల్లాహ్ దుఃఖితులకు సహనాన్ని, మనందరికీ సత్యాసత్యాలను గుర్తించే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.